సైదావలి మాస్టారి పంచకోణం

సైదావలి మాస్టారికి ఖాళీ జాగా కనబడితే చాలు, అయిదు మూలల బొమ్మ గీసేస్తారు. బస్సు టిక్కెట్టు వెనకా అదే, టీ ఒలికిన బల్ల మీదా అదే. నాలుగు మూలల్లో కార్బన్, అయిదో మూలలో నత్రజని. ఆ మూలకు వేలాడే తోక మాత్రం ఆయన సొంతం. గుంటూరు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, తొమ్మిదేళ్ల సెలవులన్నీ ల్యాబులోనే గడిపి తయారుచేసిన మందు అణువు బొమ్మ అది; ఆ మందు మిరపాకు ముడతను విప్పింది. 2005లో దానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు. మందు పనిచేస్తుందనడానికి రుజువుగా, అంతకు ముందు ఏడాది ప్రత్తిపాడు రైతులకు తాను పంచిన కరపత్రాన్ని వాళ్ల సంతకాలతో సహా జతచేశారు. అందులో బొమ్మ తోకతో సహా అచ్చయి ఉంది. మూడేళ్లకు పరీక్షించిన అధికారి జవాబు వచ్చింది: దరఖాస్తుకు ముందే మీరే పదిమందికీ చెప్పేశారు కనుక ఇది కొత్తది కాదు.

మాస్టారు ఆ జవాబు జేబులో పెట్టుకుని, మొదటి సంతకం చేసిన యలమందయ్య దగ్గరికి వెళ్లి సంగతి చెప్పారు.

"ఓస్, ఇంతేనా మాస్టారూ! ఆ కాయితం మేమెవరం చూళ్లేదని మళ్లీ సంతకాలు పెట్టిస్తా. ఊరు ఊరంతా పెడద్ది!"

"పెడతారయ్యా. అదే కదా నా బాధ."

యలమందయ్య వెనక, వసారా గోడకు మైదాపిండితో అంటించిన కరపత్రం మిరప దుమ్ముకి ఎర్రబడి ఉంది. మాస్టారి చూపు అటు పోవడం చూసి అతను గతుక్కుమన్నాడు.

"చించేయమంటారా?"

మాస్టారు దగ్గరికెళ్లి, దుమ్ము తుడిచి, అయిదు మూలలనూ వేలితో ఒకసారి చుట్టివచ్చారు.

"ఉండనీ లేవయ్యా. నా బొమ్మ అచ్చయింది ఈ కరపత్రంలో ఒక్కదాంట్లోనే."