రఫీక్ అనే మాట

రఫీక్ అంటే స్నేహితుడు. నేను చిన్నప్పుడు నేర్చుకున్న మొదటి అరబ్బీ మాట అది. రియాద్ వచ్చాక ఆ మాటతో నన్ను పిలవని రోజు లేదు. పెట్రోలు బంకులో, బ్యాంకు వరుసలో, మా ఆఫీసు లిఫ్టులో, మీసం కూడా రాని కుర్రాడు వేలు ఆడిస్తూ "రఫీక్, ఇటు రా" అంటాడు. పేరు తెలుసుకోనవసరం లేని మనిషిని ఇక్కడ అలా పిలుస్తారు. ఇన్నేళ్లయినా ఆ మాట వింటే నా దవడ బిగుసుకుంటుంది.

దాన్ని నాకు నేర్పింది ఒక పిల్లల పుస్తకం. రాసినావిడ మన తెలుగావిడే. నేను పుట్టకముందు ఆమె భర్త ఈ దేశంలోనే తాయిఫ్ వైపు ఒక ఆస్పత్రిలో డాక్టరు. ఊరికి దూరంగా, గడ్డి మైదానం మధ్య రాతి ఇంట్లో వాళ్ల కాపురం. ఆ ఇల్లు, బావి, గొర్రెల మంద, వాటిని కాసే యెమెన్ మనిషి రఫీక్, ఇవే ఆ కథలు. రమ్మన్నా రఫీక్ ఇంట్లో పడుకోడు, చుక్కల కింద పడుకోవడం అతనికి ఇష్టం. ఆ మాట చదివి నేను కోటలాంటి మా గడి డాబా మీద పక్క వేయమని పేచీ పెట్టాను.

మా తాతను చుట్టుపక్కల ఊళ్లన్నీ దొర అని పిలిచేవి. నాకు ఊహ తెలిసేసరికి భూములు పోయాయి. తర్వాత కోర్టు కేసుల్లో గడి పోయింది. కొన్నవాళ్లు తలుపులు, దూలాలు కూడా ఊడదీసి అమ్ముకున్నారు. ఆ ఇంట్లోంచి నేను చొక్కా కింద పెట్టుకుని తెచ్చుకున్నది ఆ పుస్తకం ఒక్కటే. నా కూతురికి మా ఇంటిదని ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. పడుకునే ముందు చదివి వినిపిస్తూ పెంచాను. ఆ ఇల్లు చూపిస్తానని మాట ఇచ్చాను.

కథల్లోని రెండు నల్లగుట్టలను ఫోన్ మ్యాపులో వెతికి పట్టుకున్నది నా కూతురే. వాటి మధ్య ఆ రాతి ఇల్లు ఇంకా ఉంది. ఇప్పుడది ఇస్తిరాహా, అంటే సెలవులకు కుటుంబాలకు అద్దెకిచ్చే విడిది. మొన్నటి సెలవుల్లో కారు తీశాను. దారిలో పిల్లకు కడుపులో తిప్పితే నా భార్య వెనక సీట్లోకి వెళ్లి ఒళ్లో పడుకోబెట్టుకుంది. వానలు పడి వెళ్లినట్టున్నాయి, తాయిఫ్ ఇంకా దూరం ఉండగానే రోడ్డుకు రెండు వైపులా పసుపుపచ్చ గడ్డి కనిపించింది. పిల్ల లేచి అద్దానికి ముఖం ఆనించింది.

గేటు తీసిన యజమాని ముప్పై దాటని సౌదీ. పాదాల దాకా తెల్లటి తోబు, చేతిలో కారు తాళాలు. వెనక సీటు వైపు వంగి మర్యాదగా సలాం చెప్పాడు. నా వైపు చూడకుండానే "రఫీక్, బండి అటు పెట్టు. డ్రైవర్లకు ఆ గోడ పక్కన చాప ఉంది" అన్నాడు.

నా భార్య అద్దం దించి, ఆయన నా భర్త అని ఇంగ్లీషులో చెప్పింది. అతని ముఖం ఎర్రబడింది. చెయ్యి గుండె మీద పెట్టుకుని, మీరు నా తల మీద, నా కళ్ల మీద అని అరబ్బీ మర్యాద మాటలంటూ నా వైపు తలుపు తీయబోయాడు. నేను లోపలి నుంచి పట్టుకున్నాను.

"మీరిద్దరు పోయి చూసి రాండ్రి. నేను రాను."

"ఇంత దూరమొచ్చి గేటు కాడ కూచుంటరా?" అంది నా భార్య.

"నన్ను చాప మీద కూచోమన్నోని ఇంట్ల అడుగు పెట్టను."

"మంచిది. అయితే డ్రైవర్ లెక్కనే కూచోండ్రి."

వాళ్లు వెళ్లారు. నేను స్టీరింగు ముందు నిటారుగా కూర్చున్నాను. చిన్నప్పటి నుంచి కలలోకి వచ్చిన బావి ప్రహరీ గోడ పైనుంచి కనిపిస్తూనే ఉంది. దిగి నాలుగడుగులు వేస్తే చాలు. దిగలేదు.

పిల్ల ఒక్కతే ముందు తిరిగి వచ్చింది. వెంట తెచ్చుకున్న పుస్తకాన్ని ఛాతీకి అదుముకుని ఉంది. ఇల్లు పుస్తకంలో ఉన్నట్టే ఉందంది. నాలుగు గదులు. గొర్రెల దొడ్డిని ఆనుకుని ఇంకొకటి, కిటికీ లేనిది. నిలబడితే తల పైకప్పుకు తగులుతుందట.

"రఫీక్‌ది ఆ గది, నాన్నా. చుక్కల కింద పడుకోవడం ఇష్టమట! ఆ గదిల నువ్వైనా పడుకోవు."

పిల్ల పుస్తకం తెరిచి నాలుగు పేజీలు తిప్పింది.

"అసలు అతని పేరేంది?"

ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. గొర్రెలకు పేర్లున్నాయి. బావి గిలకకు కూడా ముద్దుపేరుంది. ఆ మనిషికి లేదు.

"రఫీక్ పేరు కాదు నాన్నా. నిన్ను ఇప్పుడు ఇతను పిలిచిండే, అదే. ఇగ నాకు ఇది చదవొద్దు."

ఆ క్షణంలో యజమాని మీద ఉన్న కోపమంతా ఆ రచయిత్రి మీదికి మళ్లింది. పిల్లలు నమ్మేలా రాసింది. అంతకాలం ఒకడి చేత గొర్రెలు కాయించుకుని పేరడగని మనిషి, దాన్ని స్నేహమని అచ్చు వేయించింది. నేను నమ్మాను. దాన్నే ఆస్తిలా నా బిడ్డ చేతిలో పెట్టాను.

అంతలో నా భార్య వచ్చింది. ఆమె వినేలాగే అన్నాను, "మా తాతకు పనోళ్ల పేర్లన్నీ తెలుసు. వాళ్ల పిల్లల పేర్లు కూడా తెలుసు. పేరడగకుంటే మా ఇంట్ల సిగ్గుచేటు."

"పేర్లు తెలుసు, సరే. ఎవర్నన్న కుర్చీల కూచోమన్నడా?"

"నువ్వు కారెక్కు" అన్నాను.

బయలుదేరబోతుంటే యజమాని ఇత్తడి కాఫీ పాత్ర, చిన్న కప్పులు పట్టుకుని తనే వచ్చాడు. కప్పు నిండా పోయకుండా, వాళ్ల పద్ధతిలో అడుగున కాస్త పోసి కిటికీ దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. ఎండ అతని నెత్తి మీదే ఉంది. "తప్పు నాది. మీ పేరు చెప్పండి" అన్నాడు.

చెప్పాను. ఇంటిపేరుతో, మా తాత పేరుతో, వెనక ఉన్న బిరుదుతో, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను. అతను అనబోయాడు, నోరు తిరగలేదు. మళ్లీ అన్నాడు, మరీ అధ్వాన్నంగా వచ్చింది.

"నో" అంది వెనక నుంచి నా కూతురు. స్కూల్లో మా ఇంటిపేరును ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కుదించుకున్న పిల్ల. కిటికీలోంచి తల బయటపెట్టి, కోపంగా, ముక్కలు ముక్కలుగా, ఒత్తులన్నీ పలికి ఆ పేరు చెప్పింది. "మళ్లీ అను" అని అరబ్బీలో గద్దించింది. అతను అన్నాడు. ఆమె మళ్లీ దిద్దింది.

కప్పు పట్టుకున్న చెయ్యి కిటికీ దగ్గర అలాగే ఉంది. అతనికి పేరు వచ్చేదాకా నేను బండి కదిలించలేదు. కాఫీ మాత్రం ముట్టలేదు.