బొండం నీళ్లలో బోటనీ

ఆ రోజుల్లో నేను డిగ్రీ చదువుతున్నానని మా ఇంట్లోవాళ్లు నమ్మేవారు, కాలేజీవాళ్లు మాత్రం అంత తొందరపడేవారు కాదు. నా లెక్కలో బోటనీ అంటే ఉల్లిపాయ. ఉల్లిపొర ఒలిచి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపులో చూసి బొమ్మ గీయడం. అంతకు ముందు ఏడాది ప్రాక్టికల్స్‌లో పొర కింద చేరిన గాలిబుడగని కణం అనుకుని శ్రద్ధగా గీసి (మధ్యలో కేంద్రకం లేదేమిటా అని జాలిపడి నేనే ఒకటి పెట్టాను) పరీక్ష తప్పాను. "ఈసారి కూడా పోయిందంటే కొత్తపేట సెంటర్లో కొబ్బరిబొండాల బండి పెట్టిస్తాన్రా" అన్నారు నాన్నగారు. ఆయన వేళాకోళమాడే మనిషి కాదు. అప్పటికే ఒక పాత బండి చూసి వచ్చారు కూడా.

మా వైపు ఎంత గొప్పవాళ్లు వచ్చినా ముందు బొండం కొట్టి ఇవ్వాలి, తర్వాతే మాట. ఈసారి ప్రాక్టికల్స్ పరీక్ష చేయడానికి కాకినాడ నుంచి ఒక మేడమ్ గారు వస్తున్నారనగానే, కొబ్బరితోట ఉన్నవాణ్ణి కదా అని, మా మేష్టారు ఆ పని నాకు అప్పగించారు. "మంచియి చూసి అట్టుకెళ్లు. ఆవిడ కడుపు చల్లబడితే నీ మార్కులు అయ్యే పడతాయి" అంది అమ్మ. నేనూ అదే నమ్మి, చదువు పక్కనపెట్టి తోటంతా తిరిగి ఆరు బొండాలు దింపించాను.

మేడమ్ గారు ఒకటి తాగి, బాగుందని, చీల్చమన్నారు. చీల్చాను. లోపల మీగడలాంటి లేత కొబ్బరిని చూపించి, "ఈ పొర ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు. అది పరీక్షేనని నాకు అప్పుడు అర్థమైంది. బయట ఎంత ఎండున్నా శరీరం లోపలి సమతుల్యాన్ని కాపాడుకుంటుందని ఆ వారమే బట్టీపట్టాను గాని, నా చొక్కా మాత్రం తడిసి ముద్దయింది (ఆ చెమటే సమతుల్యమని తర్వాతెప్పుడో తెలిసింది). "ఉల్లిపొర అయితే చెప్పగలనండి" అన్నాను. మా మేష్టారు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు.

ఆవిడ పెన్ను మూసేశారు. "సరే, పరీక్ష వదిలెయ్. నాకు లేత మీగడ ఉన్న బొండమే కావాలి. ఎలా ఏరతావు?"

"ఆయ్, అదెంతసేపండి" అన్నాను. ఇక ఆగలేదు. "మరీ లేతదాన్లో ఉత్త నీళ్లేనండి. నెలలు నిండేకొద్దీ ఆ నీళ్లే పేరతాయండి. ముందు అడుగున కడతాదండి పొర, తర్వాత గోడలెంట పైన తొడిమ ఉండే ముచ్చిక వైపుకి పాకుతాది. తెలీనోళ్లు పైన చెక్కి చూసి కొబ్బరి లేదని తిట్టేరండి మొన్న కూడాను. అడుగున చూడాలండి."

మేడమ్ గారు నవ్వలేదు. ఆ నీళ్లలో గోడల్లేని కేంద్రకాలు తేలుతూ ఉంటాయనీ, అవి అడుగు వైపు నుంచి గోడలు కట్టుకుంటూ కణాలవుతాయనీ, నేను చెప్పినదంతా అదేననీ నెమ్మదిగా వివరించారు. "ఇంత తెలిసి ఇందాక చెప్పలేదేం?"

"అది బోటనీ అని తెలీదండి. మా ఇంట్లో దాన్ని పని అంటారండి."

పాసయ్యాను. బొండం బాగుందన్నారా లేదా అని అమ్మ పదిసార్లు అడిగింది, మార్కుల సంగతి ఒక్కసారే అడిగింది. నాన్నగారు ఆ బండి మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నేనే పిల్లలకి కణం గురించి పాఠం చెబుతున్నాను. మొన్న రొయ్యల చెరువులుండే కాట్రేనికోన నుంచి వచ్చే అమ్మాయి ఒకతె, చెరువులో ఉప్పు ఉన్నట్టుండి మారితే రొయ్య లోపల ఎంత అవస్థ పడుతుందో గడగడా చెప్పేసి, పాఠానికి సంబంధం లేనిది మాట్లాడానేమోనని నాలుక కరుచుకుంది. నాకు నవ్వొచ్చింది, కాస్త దిగులూ వేసింది. ఇరవై ఏళ్లు వచ్చేదాకా తనకు తెలిసినదేదీ చదువు కాదనుకుని తలొంచుకు తిరిగిన కుర్రాణ్ణి ఒకణ్ణి నేను బాగా ఎరుగుదును.