కొట్టి బతికించిన మామ

మా మాంసం కొట్టు మామ మొన్న పోయినాడు. పొట్టేలు చర్మం ఒలుస్తా ఒలుస్తా దుకాణంలోనే పక్కకి ఒరిగినాడు. నెల్లూరు ఆసుపత్రిలో రెండు రోజులు కొట్టుకున్నాడు. మెదడుకి నెత్తురు ఆగిపోయిందన్నారు.

మామంటే చుట్టం కాదు. ఆయన సాయిబు, నేను కాదు. ముత్తుకూరులో మా రెండిళ్లకీ మధ్య ఒక్క గోడ. చేతిలో కత్తి, నోట్లో బూతు లేకుండా ఆయన్ని ఎవరూ చూసుండరు. కోసే ముందు మాత్రం మేక తల నిమిరేవాడు. "దానికి మర్యాదియ్యాలరా. నీకెందుకు?" అనేవాడు.

నా ఎదవపనులు ఊరంతటికీ తెలుసు. ఒకసారి ఆయన కొట్లో నెత్తురే చొక్కాకి పూసుకొని, పోర్టు లారీ గుద్దిందని రోడ్డు మీద పొర్లినా. మా ఆవిడ కళ్లు తిరిగి పడింది. మామ వచ్చి డొక్కలో తన్ని, "మేక నెత్తురు నాకు తెలవదంట్రా నాయాలా?" అన్నాడు.

అందుకే రెండేళ్ల కింద టీ అంగట్లో నా చేతిలో గ్లాసు జారి, మూతి వంకరపోయి, మాట ముద్దయితే అందరూ పగలబడి నవ్వినారు. "ఇంకోసారి చెయ్యన్నా!" అన్నాడొకడు. మామ ఎదురు కొట్లోంచి నెత్తురు చేతుల్తోనే వచ్చి ఫెడీమని చెంప మీద కొట్టినాడు. నా మొహంలోకి చూసినాడు. అంతే, జుట్టు పట్టుకొని ఆటోలోకి ఈడ్చినాడు. పది నిమిషాల్లో మూతి సర్దుకునింది. "తగ్గిపోయింది, దించు మామా" అంటే ఇంకోటి పీకినాడు.

నెల్లూరులో మెడకి జెల్లు పూసి స్కానింగ్ చేసినారు, ఆనక ఇంకో పెద్ద స్కానింగు. మెదడుకి పోయే రక్తనాళంలో కొవ్వు పేరుకుందంట. "ఎంత అడ్డం పడిందనేదే కాదు, ఎట్లాంటిదో కూడా చూడాలి. ఇది మెత్తంది, పైన పగిలింది. ముక్కలు ఊడి మెదడులోకి పోతున్నాయి" అన్నాడు డాక్టరు, తెర చూపిస్తా. నాకు మబ్బు తప్ప ఏం కనపళ్లా. మామ మాత్రం కళ్లు చిట్లించి, "గడ్డి తినే మేక మెడలో ఇట్లాంటి చెత్త నేనెప్పుడూ చూళ్లా సార్. నా మాంసం తిన్నోడికే వచ్చింది. కోసి తీసెయ్యండి" అన్నాడు.

మెడ కోసి తీసేసినారు. నిజమని ఎట్లా తెలిసింది మామా అని తర్వాత అడిగినా. "నాటకమాడేటప్పుడు ఒక కంట జనాన్ని చూస్తావురా, నవ్వుతుండారా లేదా అని. ఆరోజు చూళ్లా."

పోయిన నెల ఆయనకే ఒక కన్ను తెర దించినట్టు చీకటైపోయి, కాసేపటికి వెలుగొచ్చింది. కోసేటప్పుడు మేక నెత్తురు కంట్లో చిమ్మి ఉంటుందిలే అన్నాడు. బీపీ, బీడీ రెండూ ఉన్న మనిషి. నా ఆపరేషనప్పుడు డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, "అది కూడా మెడ నుంచే వస్తుందంట, పా మామా స్కానింగుకి" అని ఆయన వాకిట్లో నిలబడినా. కత్తి విసిరినాడు. నా పక్కన తలుపులో దిగబడింది.

"రోజూ మెడలు కోసేవోణ్ణి, నా మెడ ఇంకోడి చేతికిస్తానా? పో!"

నేను నవ్వుకుంటా వచ్చేసినా. జుట్టు పట్టి ఈడ్చాల్సింది. చెంప వాయగొట్టాల్సింది. ఊరందరితో ఆడుకున్నోణ్ణి, ఆయన మీద చెయ్యెత్తడానికి భయపడినా.

మట్టేసి వచ్చినాక ఆయన వాకిట్లో నిలబడినా. తలుపు మీద కత్తి గాటు అట్లానే ఉంది, సరిగ్గా నా మెడ ఎత్తున. ఒక చేత్తో దాన్ని తడిమినా, ఇంకో చేత్తో నా మెడ మీది గాటుని. రెండూ ఒకే పొడవుండాయి.