ఏడాదిదాకా తొక్కకూడదన్న గడప

ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్దాయన చెప్పమన్న మాటలు నేను ఆమెకు చెప్పలేదు. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఉన్నది నేనొక్కణ్ణే. మా ఊళ్లో ఇప్పటికీ ఆ బైబిలు క్లాసుల గురించి గొప్పగా చెప్పుకుంటారు. నా తర్జుమాను మెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా నా మీద నాకు రోత పుడుతుంది. అందుకే రాస్తున్నాను.

తొంభైల చివర్లో సంగతి. చిలకలూరిపేటకు దగ్గర్లోనే మా ఊరు. ఏ మందు కొట్టినా చావని పురుగు పత్తిని తినేస్తున్న రోజులు. అప్పుడు మా చర్చికి ఒక విదేశీ జంట వచ్చింది. ఇద్దరూ డెబ్బైకి దగ్గర పడినవాళ్లు. ఉద్యోగాలు అయిపోయాక, మిగిలిన ఓపికను దేవుడి పనికి వాడదామని వచ్చారు. ఆరు నెలలు ఉండి బైబిలు క్లాసులు చెప్పారు. తెలుగులో వాళ్లకు వచ్చింది ‘వందనాలు’ ఒక్కటే. దాన్ని గేదెలు తోలుకెళ్లేవాళ్లకి కూడా చేతులు జోడించి మరీ చెప్పేవారు.

నేను ఇంగ్లీషు ఎం.ఏ. చేసి ఖాళీగా తిరుగుతున్నాను. మా పాస్టరుగారు పిలిచి, “పక్కన నిలబడి తెలుగులో చెప్పరా. గుంటూరు స్కూల్లో నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా” అన్నారు. నిలబడ్డాను.

పెద్దాయన మెల్లగా, తడుముకుంటూ పాఠం చెప్పేవాడు. నాకది చప్పగా తోచేది. ఆయన “దేవుడు ఓపిక గలవాడు” అని ఆగితే, నేను పది నిమిషాలు గొంతు పెంచి, తగ్గించి, వణికించి నా సొంత ప్రసంగం చేసేవాణ్ణి. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవారు. ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూసి, “మీ భాష చాలా పొడుగు” అనేవాడు. బయటికి వచ్చాక ఆడవాళ్లు, “దొరగారికన్నా నువ్వే బాగా చెప్పావు తమ్ముడూ” అంటే పొంగిపోయేవాణ్ణి. ఒకరి నోటి ముందు నిలబడి వాళ్ల మాట తినేసి, దాన్ని ప్రతిభ అనుకున్నాను.

ఆ ఏడాదే మా చర్చిలో ఒకామె భర్త, కౌలుకు పత్తి వేసినవాడు, పురుగుమందు తాగి చనిపోయాడు. “ఆత్మహత్య చేసుకున్నవాడికి ప్రార్థన లేదు, వాడు నరకానికే” అన్నారు పాస్టరుగారు. సమాధుల దొడ్డిలోకి రానివ్వకపోతే వాగు గట్టున పూడ్చారు. ఆదరణ కూడిక కూడా జరగలేదు. మాలో ఎవరైనా పోతే కొద్ది రోజులకు ఆ ఇంట్లో కూడిక పెడతాం. వాక్యం చెప్పి, పాట పాడి, బంధువులంతా కలిసి భోంచేస్తారు. ఆ తర్వాతే ఆ ఇల్లు మళ్లీ నలుగురిలో పడుతుంది. అది జరగకపోవడంతో ఆమె ఇంట్లో ఎవరూ మంచినీళ్లు కూడా తాగలేదు.

మూడు వారాల తర్వాత ఆమె క్లాసుకు వచ్చింది. అందరికన్నా వెనక చాపమీద కూర్చుంది. పాఠం అయ్యాక లేచి నిలబడింది.

“తమ్ముడూ, దొరగారిని ఒక మాటడుగు. మా ఆయన నిజంగా నరకానికే పోయాడా? మా ఇంటికొచ్చి ఒక్క ప్రార్థన చేస్తాడేమో అడుగు.”

పాస్టరుగారు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. తల తిప్పలేదు, రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

ఆ ప్రశ్నను మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాను. వేరే ఏదైనా అల్లడానికి తట్టలేదు. పెద్దాయన కళ్లజోడు తీసేశాడు. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. “ఆమెకు చెప్పు,” అన్నాడు ఇంగ్లీషులో. “నా తమ్ముడు కూడా ఇలాగే పోయాడు. వాడు దేవుడి దగ్గరే ఉన్నాడని నేను నమ్ముతున్నాను. ఆమె భర్త కూడా అక్కడే ఉన్నాడు. రేపు పొద్దున మేమిద్దరం వాళ్లింటికి వచ్చి ప్రార్థన చేస్తాం.”

నేను తెలుగులో చెప్పింది ఇది: “నీకోసం ప్రార్థన చేస్తామంటున్నారక్కా. పాస్టరుగారి మాట ప్రకారం నడుచుకోమంటున్నారు.”

ఆమె పెద్దాయన తడి మొహం వైపు చూసి, నా వైపు చూసింది.

“అంతేనా తమ్ముడూ?”

“అంతే.”

“మరి ఏడిచాడు గదా.”

“ముసలాళ్లక్కా. ఊరికే కన్నీళ్లొస్తాయి.”

ఆ సాయంత్రం పాస్టరుగారింట్లో కోడికూర. “ఏమన్నాడ్రా ముసలాయన?” అని అడిగారు. “ఏం లేదండీ” అన్నాను. “మంచిది” అని నా పళ్లెంలో ఇంకో ముక్క వేశారు. తిన్నాను. ఎముక కూడా నమిలాను.

మర్నాడు పొద్దున్నే ఆ దంపతులు తయారై వరండాలో కూర్చున్నారు. ఆవిడ పక్కింటివాళ్ల చేత చీర కట్టించుకుంది. భర్త పోయినామె ఇల్లు రెండు వీధుల అవతలే. “వెళ్దామా?” అని లేచారు. నేను, “మా దగ్గర ఒక ఆచారం ఉందండీ. ఇలాంటి చావు జరిగిన ఇంటి గడప బయటివాళ్లు ఏడాదిదాకా తొక్కకూడదు” అన్నాను. అలాంటి ఆచారం మా ఊళ్లో లేదు, ఏ ఊళ్లోనూ లేదు. పెద్దాయన తల ఊపి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది రాసుకున్నాడు. స్పెల్లింగు సరిచూసినట్టు నన్ను రెండోసారి అడిగి మరీ రాసుకున్నాడు. నేను రెండోసారీ చెప్పాను.

వాళ్లు వెళ్లిపోయారు. నాకు ఉద్యోగం వచ్చింది. ఏళ్లు గడిచాయి. పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ, నిజాయితీ మీద వ్యాసాలు రాయించి ఎర్ర ఇంకుతో దిద్దాను.

ఒకరోజు స్కూలు అడ్రసుకు పెద్దాయన భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. భర్త పోయాడట. చివర్లో ఇలా ఉంది: మీ ఆచారం ప్రకారం మేము వెళ్లలేకపోయిన ఆ ఇంటికి, ఏడాది గడిచాక ఎవరైనా వెళ్లారా? ఆయన చాలాసార్లు అడిగేవాడు.

స్టాఫ్ రూములో కూర్చుని అది చదివాను. లేచి వెళ్లి వాంతి చేసుకున్నాను.

ఆ శనివారమే ఊరెళ్లాను. ఆ కౌలు రైతు భార్య ఊరి బయట మిరపకాయల కళ్లంలో కూలికి, రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. చుట్టూ ఇంకో ఎనిమిదిమంది ఆడవాళ్లు.

“ఏం మాస్టారూ, ఇటొచ్చారు? ఘాటుకి ఇస్త్రీ చొక్కా కూడా తుమ్ముద్ది” అంది. అందరూ నవ్వారు.

పక్కన కూర్చుని, గొంతు తగ్గించి మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

“ఆయన తమ్ముడు గూడానా?”

“అవునక్కా.”

“వస్తానన్నాడా?”

“అన్నాడు. తయారై కూర్చున్నారు కూడా. నేనే ఆపాను.”

అప్పుడు చేతులు ఆగాయి. “మా అత్తగారి వైపు వాళ్లు ఇప్పటికీ మా ఇంట్లో చెయ్యి కడగరు. ప్రార్థన లేని ఇల్లంట. నా పిల్ల వాళ్ల నాయన పేరెత్తడం మానేసింది.” ఒక తాలుకాయ తీసి పక్కకు విసిరింది. “పాస్టరుగారంటే, ఆయన నమ్మిందే ఆయన చెప్పాడు. నువ్వు నమ్మింది గూడా కాదు గదయ్యా.”

నేను చేతికందిన మిరపకాయ తొడిమ తుంచాను.

“అప్పుడు చర్చి నిండా జనంలో చెప్పావు. ఇప్పుడు నా చెవిలో ఊదుతున్నావేంది? లే. లేచి చెప్పు.”

లేచి నిలబడ్డాను. ఒకప్పుడు వణికించడం బాగా వచ్చిన గొంతు ఈసారి నా మాట వినలేదు. ఆడవాళ్లంతా చూస్తున్నారు.

“ఈ అక్క భర్త దేవుడి దగ్గరే ఉన్నాడని దొరగారు చెప్పమన్నాడు. ఇంటికొచ్చి ప్రార్థన చేస్తానన్నాడు. నా ఉద్యోగం కోసం నేను ఆ మాట మింగేసి, వేరే మాట చెప్పాను. ఆ ఇంట్లో ఏ దోషమూ లేదు, దోషం నాది. అక్కా, నన్ను క్షమించు.”