జానెడు పోగులు

తొంభైల చివర, మాదాపూర్ గుట్టల మీద అద్దాల భవనం కొత్తగా లేచిన రోజుల్లో, గోపన్‌పల్లిలో మాకొక రేకుల షెడ్డు ఉండేది. అందులో నాలుగు మగ్గాలు, నలుగురు ఆడవాళ్లు, వాళ్లకు బతుకుదెరువు చూపించమని ప్రభుత్వం కూర్చోబెట్టిన నేను. కూకట్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చి సంతకం పెట్టేదాన్ని. నేత గురించి నాకు తెలిసింది మన నేతలకు తెలిసినంతే.

నలుగురిలో మగ్గమున్న ఇంట పుట్టింది ఒక్కామే. మిగతా ముగ్గురికీ ఆమే నేర్పింది. అంతకుముందు కంకర తట్టలు మోసేది. "ఈడ నీడకు కూసుంటున్న మేడం, గది చాలు" అనేది. పెద్ద గిరాకీ ఏదీ రాకపోతే షెడ్డు మూసేస్తామని పైనుంచి కాగితం వచ్చింది.

చివరికి ఆ అద్దాల భవనంలోని కంపెనీ ఒకటి తమ గదులకు కర్టెన్లు కావాలంది. సోమవారం మధ్యాహ్నం వచ్చి, నేస్తుండగా చూస్తామన్నారు. శనివారానికి మగ్గాల మీది పాత పడుగులు, అంటే నిలువు దారాలు, అయిపోయాయి. కొత్తవి చుట్టి సిద్ధంగా పెట్టి, "సోమారం పొద్దుగాల్నే అతుకుతం, పగటాల్లకు నేసుడు షురూ. నువ్వు ఫికర్ జెయ్యకు" అని ఆమె వెళ్లిపోయింది.

నేను ఫికర్ చేశాను. ఆదివారం వెళ్లి షెడ్డు కడిగాను. బట్ట కోసేశాక ప్రతి మగ్గానికీ జానెడు పోగులు వేలాడుతున్నాయి, దువ్వని తలలా. బడిలో శుభ్రతకు బహుమతి అందుకున్న చెయ్యి కదా, ఊరుకోలేదు. కత్తెరతో నాలుగింటికీ కత్తిరించి, మగ్గం సన్నని కన్నుల్లో ఇరుక్కున్న ముక్కలు కూడా లాగి పారేశాను. మురిసిపోయాను కూడా.

సోమవారం ఆమె బూడిద పొట్లంతో వచ్చింది. వేళ్లకు బూడిద అద్దుకుని కొత్త పోగును పాత పోగు కొనకు పేనుతారట. పాతది లాగితే దాని దారిలోనే కొత్తదీ దూరి వస్తుందట. జానెడు వదిలేది అందుకేనట.

"పోగులేవి మేడం?"

"బాగోలేదని తీసేశానమ్మా."

"సుట్టాలొస్తున్నరని పొయ్యి గూడ తవ్వి పారేస్తవా?"

నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఇగ ఒక్కొక్క పోగు కన్నులకెల్లి దూర్చాలె. ఒక్క మగ్గానికే నాలుగు దినాలు."

మధ్యాహ్నం కారు వచ్చేసరికి రెండు వేళ్ల వెడల్పు మాత్రమే దూర్చగలిగింది. "నేయడం చూపించరా?" అన్నాడు వచ్చినాయన. నేను నోరు తెరిచేలోపే ఆమె, "దారం ఎక్కిచ్చుట్ల నేనే ఆలిశం జేసిన సారూ, నాలుగు దినాలాగితే సూపిస్త" అని నా తప్పు తన మీద వేసుకుంది. "చూద్దాం" అని ఆయన గడియారం చూసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, షెడ్డు చాలా నీట్‌గా ఉందని నన్ను మెచ్చుకున్నాడు.

వాళ్లు మళ్లీ రాలేదు. ఆమె నాలుగు రోజులూ కూర్చుని ఒక మగ్గానికి పడుగు ఎక్కించింది. నెల తిరక్కుండానే షెడ్డుకు తాళం పడింది. పోగులు పోగేయాల్సిన ఉద్యోగంలో నేను పోగొట్టడమే చేశాను. నాకు మాత్రం ఇంకో ఆఫీసులో కుర్చీ దొరికింది.

కొన్నాళ్లకు ఆ అద్దాల భవనం పక్కనే ఇంకొకటి కడుతున్నారు. బస్సు కోసం నిలబడ్డ నన్ను గుర్తుపట్టి, ఆమె తట్ట దించి వచ్చింది. వేళ్లకు బూడిద అనుకున్నాను. సిమెంటు.

"ఏడనన్న మగ్గం ఖాళీ ఉన్నదా మేడం?"

"చూస్తున్నాను" అన్నాను. ఎక్కడా చూడటం లేదు.

తలూపింది. దగ్గర్లో ఇంకెవరూ లేకపోవడంతో, తట్ట జర నెత్తికెత్తమంది.

ఎత్తాను.