తలుపులమ్మ ఎండబెట్టిన మట్టి

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు అటెండరుగా చేసిన తలుపులమ్మ గురించి నేను రాయడం సిగ్గుమాలిన పనే. ఆమె కోసం నోరు తెరవాల్సిన రోజున తెరవలేదు. ఇప్పుడు కాగితం మీద ఏడుస్తున్నాను.

ఆమెది కొవ్వూరు, గోదావరి మీద వేటకెళ్లే ఇల్లు. తెల్లారకముందే చేపలు ఎండేసి, బస్సెక్కి వంతెన దాటి రాజమండ్రి వచ్చేది. ల్యాబ్‌లో బీకరు మీద నీటి మరక కనిపించినా మళ్లీ కడిగేది. మా ఎక్స్‌రే యంత్రం పాతది, స్ఫటికంతో కిరణాల్ని విడదీసి గీతలుగా చూపించేది. దాని అలకలూ మొండితనమూ నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. నేను డాక్టరేటు. ఈ ముక్క నేను ఏ రోజూ మరిచిపోలేదు, అదే నాకు పట్టిన దరిద్రం.

నాలుగేళ్ల కిందట భీమవరం వైపు రొయ్యల చెరువు అడుగు మట్టి నాలుగు డబ్బాలు తెప్పించాను. నల్లటి బురద. అందులో ఇనుము ఎంతుందో చూడాలి. “ఆరబెట్టి బిళ్లలు చెయ్యి తలుపులమ్మా” అనేసి క్లాసుకి పోయాను. ఎలా ఆరబెట్టాలో చెప్పలేదు. ఆమె తనకి తెలిసినట్టే చేసింది. రెండు డబ్బాల మట్టిని మేడ మీద చాప వేసి, చేపల్లాగే పలచగా పరిచి, గంటకోసారి తిరగేసింది. మబ్బు పట్టడంతో మిగతా రెండూ కిందికి తెచ్చి, తేమ పీల్చే గుళికలున్న గాజుపాత్రలో మూత బిగించి పెట్టింది.

గ్రాఫులు తీశాం. ఒకే చెరువు, ఒకే ఇనుము. కానీ ఎండబెట్టిన మట్టిలో ఇనుము గీత వెంట్రుకవాసి పక్కకు జరిగింది. గీత పక్కనుండే చిన్న గూని కాస్త ఎత్తు పెరిగింది. తనిఖీకి బయటి నుంచి వచ్చిన కమిటీ పెద్దాయన అది చూసి, “శాంపిల్లో ఏదో కలిసినట్టుందండి” అన్నారు. నా తల కొట్టేసినట్టయింది. ఆ కోపమంతా ఆమె మీద చూపించాను.

“చాప మీద ఎండేస్తావా? ఇదేమన్నా చేపల రేవా?” అని విద్యార్థుల ముందే అరిచాను.

ఆమె నెమ్మదిగానే చెప్పింది. “ఏమీ కలవలేదండి సార్. నల్లగా ఉన్న మట్టి ఎండకీ గాలికీ ఎర్రబడిందండి. ఎర్రబడిందానికే గీత అలా వస్తోంది. ఇనుం అదేనండి, దాని తీరు మారిందేమో చూడండి.”

“ఇనుము ఇనుమేనమ్మా. ఎక్స్‌రే గీత మూలకానికి వేలిముద్ర. అది మారదు. నువ్వు నాకు పాఠం చెప్పకు.”

పిల్లలు నవ్వారు. సాయంత్రానికల్లా ‘అజాగ్రత్త వల్ల శాంపిల్ పాడైంది’ అని ప్రిన్సిపాల్‌కి రాసిచ్చాను. మర్నాడు ఆమెకి మెమో వచ్చింది. అప్పటికి ఇరవై ఏడేళ్ల సర్వీసులో అదే మొదటిది.

వేసవి సెలవుల్లో, ఆమెదే తప్పని రుజువు చేద్దామని కూర్చున్నాను. అదే చెరువు నుంచి తాజా మట్టి తెప్పించి, రెండు రకాలుగానూ నా చేత్తోనే ఆరబెట్టాను. అదే తేడా వచ్చింది. అప్పుడు పుస్తకాలు తెరిచాను. నల్లబురదలో ఇనుము గంధకంతో ఉంటుంది, గాలి తగిలితే ప్రాణవాయువుతో కలుస్తుంది. బయటి ఎలక్ట్రాన్ల అమరిక మారితే ఆ గీతా కొద్దిగా కదులుతుంది, గూనీ మారుతుంది. మాంగనీసుకీ క్రోమియంకీ కూడా అంతే. ఎన్నో దశాబ్దాలుగా లోకానికి తెలిసిన సంగతి. పాతికేళ్లు పాఠాలు చెప్పిన నాకే తెలియలేదు.

కాలేజీ తెరిచాక తలుపులమ్మకి చెప్పాను. ల్యాబ్‌లో ఇంకెవరూ లేనప్పుడు, గొంతు తగ్గించి. ఆమె ముఖం విప్పారింది.

“అయితే ఆ మెమో తీయించేస్తారా అండి? నాకింకేమీ వద్దండి. కాగితం మీద అజాగ్రత్త అని ఉండిపోతే బాగోదండి. నా చేతుల్లో అది లేదు కదండీ.”

“చూద్దాంలే” అన్నాను.

తీయించాలంటే నాకు తెలియదని రాసివ్వాలి. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ మూడేళ్లు గడిపాను. ఈలోగా అదే సంగతిని ఎప్పట్నించో ఎరిగినవాడిలా క్లాసులో పాఠం చెప్పాను కూడా. ఆమె నా వెనక నిలబడి బోర్డు తుడిచింది. మళ్లీ అడగలేదు.

మొన్న ఏప్రిల్లో ఆమె రిటైరైంది. సన్మానంలో ప్రిన్సిపాల్ ఫైలు చేత్తో పట్టుకుని, “ఒక్క మెమో తప్ప మచ్చలేని సర్వీసు మన తలుపులమ్మ గారిది” అన్నారు. “అది కూడా మన ఫిజిక్స్ మాస్టారి కోపం వల్లేలెండి” అని సరదాగా నా వైపు చూశారు. హాలంతా నవ్వింది. ముందు వరసలో ఆమె మనవరాలు సూర్యకళ, “మెమో అంటే ఏంటి మామ్మా?” అని అడుగుతోంది. మైకు నాకిచ్చారు.

తలుపులమ్మ మంచి మనిషి అన్నాను. ఓపిక గల మనిషి అన్నాను. శాలువా కప్పాను.

ఆమె రెండు చేతులూ జోడించి, నాకు మాత్రమే వినపడేలా, “ఇవాళైనా చెబుతారేమో అనుకున్నానండి సార్” అంది.