ఘాటీ ఎక్కిన మాటు

మా ఆయన పోయాక ఆయన పాత స్పోర్ట్స్ కారు రాయగడలో మా కొట్టు ముందే ఆగిపోయింది. మాది చిల్లుపడ్డ బిందెలకు మాట్లు వేసే ఇత్తడి కొట్టు. కారు రేడియేటరు కారుతోంది, కొత్తది దొరకదు. మరిది తుక్కు కొనేవాణ్ణి తీసుకొచ్చాడు.

“ఇది బిందె కాదొదినా, కారు. ఒగ్గీ, తుక్కుకిచ్చీ!”

“ఈ రేడియేటరూ ఇత్తడే గదా బావూ. కారే బిందెని నానెప్పుడైనా తుక్కుకేసేనేటి?”

రేడియేటరు విప్పించాను. చింతపండుతో తోమి, ఒక గొట్టం మూసి, నీళ్లలో ముంచి రెండో గొట్టంలో ఊదాను. బుడగలొచ్చిన చోట, మాటు అతుక్కోడానికి నవసాగరం రాసి మాటేశాను. మళ్లీ ఊదితే బుడగ రాలేదు. దాన్ని తిరిగి కారుకి బిగించి నీళ్లు పోయించాను.

“పొట్టంగి కొండ ఘాటీ ఎక్కితే తెలుస్తాది,” అని మరిది వెక్కిరించాడు.

“అయితే నువ్వే తోలు,” అని పక్కన కూర్చున్నాను.

ఘాటీ పైన దిగి, కారు కింద తడి కోసం వంగి వెతికాడు. చుక్క లేదు.

“ఏడీ నీ తుక్కోడు? ఇప్పుడు పిలు,” అన్నాను.